కంట్లో పువ్వు

"నాను రాను. నా కళ్ళ జోలికి రావొద్దని ఆళ్ళకి సెప్పీ," అంది దాలమ్మ, గోడవైపు తిరిగి కూర్చుంటూ.

కొడుకు లోకనాథ్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి ఆమె ముందు చతికిలబడ్డాడు. విశాఖ ఆసుపత్రి వాళ్ళ ఫోను. ఎవరో పుణ్యాత్ములు దానమిచ్చిన కంటిపొర వచ్చింది. రేపు ఉదయానికల్లా వెళ్ళకపోతే ఇంకొకరికి వేసేస్తారు.

కాశీబుగ్గ జీడిపప్పు కంపెనీలో పిక్కలు కాలుస్తుంటే సొన చింది దాలమ్మ రెండు కళ్ళూ కాలాయి. పుండ్లు మానాయి. మానిన చోట నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కండలా పెరిగి చూపుని మింగేసింది. డాక్టర్లు దానికేదో పేరు చెప్పారు. ఊళ్ళోవాళ్ళు కంట్లో పువ్వన్నారు. మచ్చపడ్డ పొర తీసి కొత్తది వేస్తే ఒక కన్నయినా కనిపిస్తుందట.

"నొప్పి తెలీకుండా సేత్తారమ్మా. రేపు డూటీ మానేసి నానే తీసుకెల్తాను. నా మొకం సూడాలని లేదేటి నీకు?"

"డూటీ మానితే ఊరుకోను. నీ మొకం నాకు తెలీదేటిరా? కన్నదాన్ని!" అని నవ్వేసింది. లోకనాథ్‌కి ఒళ్ళు మండింది.

పక్కింటి గంగమ్మ కొబ్బరిబొండం కొట్టి తెచ్చింది. "నిన్న డూటీ సేసి సోలిపోనావు బావూ, తాగు."

"ఆడికొద్దు. జలుబు సేత్తాది," అని దాలమ్మ గయ్యిమంది.

గంగమ్మ మూతి ముడుచుకుంది. రోజు విడిచి రోజు కంపెనీకి వెళ్ళి, అలిసిపోయి వచ్చే కొడుక్కి మంచినీళ్ళు కూడా అరగ్లాసే ఇస్తుందీవిడ. చూపు పోయాక చాదస్తం ముదిరిందని ఊరంతా చెవులు కొరుక్కుంటోంది.

"మా అమ్మ ఒప్పుకోడం లేదు సార్," అని లోకనాథ్ ఫోను పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు.

చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా బిగబట్టుకుని, అప్పుడు భోరుమంది దాలమ్మ. తెల్లబడ్డ ఆ కళ్ళలోంచి నీళ్ళు మాత్రం ఆగకుండా కారాయి. గంగమ్మకి జాలేసింది, కోపమూ వచ్చింది.

"ఇంత ఏడుపెందుకప్పా? కత్తికి బయపడి బతుకంతా సీకట్లో ఉండిపోతావేటి?"

దాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు బాగా తగ్గించింది.

"కంపినీకని నాకు సెప్పి ఆడు డయాలసిస్‌కి ఎల్తన్నాడే గంగమ్మా, నాకు సూపొత్తే, ఆళ్ళయ్యని తీసుకుపోయిన రోగాన్ని ఆడు నాకాడ ఎక్కడ దాసుకుంటాడు?"