నాలుగు గంటల ప్రయాణం

నాకు పైలట్ లైసెన్సు వచ్చిన రోజు, విమానం నడిపిన ప్రతి గంటా రాసుకున్న తన పాత లాగ్‌బుక్కు నాన్న నా చేతిలో పెట్టాడు.

"ఎవరితోనైనా అబద్ధమాడొచ్చు గానీ ఈ పుస్తకంతో మాత్రం ఆడకూడదే, డెల్ఫీన్!" అన్నాడు నవ్వుతూ.

నా ఏడో పుట్టినరోజు పేజీ తీశాను. కోట్జెబ్యూలో ఉంటున్న అమ్మ దగ్గరికని ఆ రోజు నన్ను విమానం ఎక్కించాడు. ఎంతసేపు ఎగిరినా కింద మంచే.

"చూశావుగా, మీ అమ్మ ఎంత దూరం వెళ్ళిపోయిందో! ఇక పెట్రోలు చాలదు తల్లీ" అని మా ఊరు నోమ్‌కి విమానం తిప్పేశాడు. మళ్ళీ నేనెప్పుడూ అడగలేదు.

ఆ తేదీకి ఎదురుగా నాన్న చేతిరాత: "నోమ్ నుంచి నోమ్. చక్కర్లు. నాలుగు గంటలు."

దాని పై వరసలో, ముందురోజుది: "నోమ్ నుంచి కోట్జెబ్యూ. సరుకులు. గంటన్నర."