గొట్టం అడుగున ముద్ర

తూటా లేదని చూసుకోవాలి. గొట్టాలు విడదీయాలి. అడుగున పేరుకున్న జిడ్డు కిరసనాయిలుతో తుడవాలి. ముద్రలు చదివి, ఆ తుపాకీ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పాలి. అదంతా సాయంత్రంలోగా అవ్వాలి. లేకపోతే పెద్దాసుపత్రి మార్చురీలో ఉన్న మనిషి అనాథ శవం కింద వెళ్ళిపోతాడు.

ద్వారకా నగర్‌లో తుపాకులు బాగుచేసే ఉమాశంకర్ ముందు ఆ జంట గొట్టాల తుపాకీ పెట్టాడు కానిస్టేబుల్ అప్పలరాజు. అతని వెనకాల ఒకావిడ గోడకి ఆనుకుని నిలబడింది.

"ఫిషింగ్ హార్బర్‌లో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ లేదా బావా, సచ్చిపోయినాయన ఈ తుపాకీతోనే దాని గేటు కాడ కాపలా. ఓనరు పోయినా ఈయన కదల్లేదు. అందరూ గన్‌మేన్ అన్నోళ్ళే గానీ పేరెవడికీ తెల్దు. లైసెన్సు కాగితం వానకి ముద్దయిపోనాది. నంబరు పట్టుకుని రికార్డు తీస్తే అదే నంబరుతో రెండు తుపాకులు. ఇంగ్లండుది గవర్రాజు పేరు మీద, బెల్జియందేమో శ్రీరామ్మూర్తి పేరు మీద."

"మరి ఈవిడ?"

"ధనలక్ష్మని. పెళ్ళాన్నంటంది. మొగుడి పేరు సెప్పమంటే మాత్రం నోరిప్పదు. పేరు సెప్పకుండా శవాన్నెలాగిత్తాం?"

"మొగుడి పేరు నోటితో సెప్తారేటి బాబూ? ఆయుస్సు తగ్గిపోద్ది," అందామె.

"ఇంకా తగ్గడానికేటుందమ్మా ఆయనకి? పోనీ ఇద్దర్లో ఎవరో తలకాయన్నా ఊపు."

ఆమె తల ఊపలేదు. "తుపాకీనే సెప్పనీండి," అంది.

ఉమాశంకర్ భూతద్దం తీశాడు. గొట్టాల మధ్య పట్టీ మీద అరిగిన అక్షరాలు కనిపించాయి. ఇంగ్లీషు పేరు.

"ఇంకేటి, గవర్రాజే," అని అప్పలరాజు పెన్ను తీశాడు.

ధనలక్ష్మి పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు.

"ఆగు బావా. పైనున్న పేరు నమ్మకూడదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు పేరుంటేనే గిరాకీ. ఎక్కడెక్కడి వాళ్ళూ అదే చెక్కేసేవాళ్ళు. అసలు సంగతి అడుగున ఉంటుంది."

ధనలక్ష్మి కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

జిడ్డు వదిలాక గొట్టం అడుగున కోడిగుడ్డు ఆకారం తేలింది. లోపల మూడు అక్షరాలు: ఈ, ఎల్, జి. దాని మీద చిన్న కిరీటం.

"బెల్జియం. లీజ్ అనే ఊళ్ళో పరీక్ష చేసి కొట్టిన ముద్ర. కిరీటం ఉందంటే 1893 తర్వాతది. ఏడాదికో అక్షరం కొట్టడం 1922లో మొదలైంది. ఇక్కడది లేదు. అంటే అంతకు ముందుదే."

అప్పలరాజు పెన్నుతో ఆ ముద్ర మీద తట్టాడు. "నూరేళ్ళు దాటిన దీనికి పుట్టినూరు ముద్దరేసుంది. మోసినోడికే లేదు."

ఆమె వైపు తిరిగాడు. "శ్రీరామ్మూర్తి. అవునా?"

ఈసారి ఆమె తల ఊపింది. కాగితం మీద వేలిముద్ర వేసింది. దహనానికి ఎవరొస్తారని అడిగితే, తనొక్కతే అంది.

"టీ కూడా పంచదార లేకుండా తాగీవోరు," అంది, ఎవరూ అడక్కుండానే. "ఊసులాడీవోరు కాదు. సముద్రం ఏపు సూసుకుంటా గలాసు తిరిగిచ్చీవోరు."

అప్పలరాజు బండి తియ్యడానికి మెట్లు దిగాడు. ఉమాశంకర్ గొట్టాలు తిరిగి బిగిస్తున్నాడు. గుమ్మం దగ్గర సన్నగా మాట వినిపించి తలెత్తాడు.

"శ్రీరామ్మూర్తి... శ్రీరామ్మూర్తి..."

"అదేంటమ్మా, ఆయన పేరు పలికేస్తున్నారు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"గేటు కాడ టీ బడ్డీదాన్ని బాబూ, పెళ్ళాన్ని కాను, ఆరి పేరు నాకూ ఇప్పుడే తెలిసింది, మీరూ గుర్తెట్టుకోండి, ఇద్దరవుతాం."