వీడియోలోని మనిషి

“ఫోన్ ఇటియ్యి,” అని చెయ్యి చాపాడు ఎస్సై ఓంప్రకాశ్.

నవత ఇవ్వలేదు. రెండు చేతులతో ఫోన్‌ను గుండెకు ఆనించుకుని వాకిట్లోనే నిలబడింది. పక్కిళ్ల వాళ్లు తలుపులు ఓరగా తెరిచి చూస్తున్నారు. ఎవరూ బయటికి రాలేదు.

“వాట్సాప్ గ్రూపులల్ల నుంచి గా వీడియో తీసేసిన గద సార్. నిన్ననే తీసేసిన.”

“నీ ఫోన్ల ఉన్నది గద. నేను అటు పోంగనే మల్ల పెడ్తవు.” ఓంప్రకాశ్ ఆ స్టేషన్‌కు కొత్తగా వచ్చాడు. మాటలో కోపం లేదు, తొందర ఉంది. “బొగ్గు గని పెద్దగ చేసుడు మీద రేపు ఊర్ల మీటింగు. పెద్దపల్లి నుంచి పెద్ద సార్లు వస్తున్నరు. గీ టైంల గా ఆడమనిషి దగ్గుకుంట, గోడలు పలుగుతున్నయి, ఊపిరాడుతలేదు అని చెప్పుడు మండలం మొత్తం చూసింది.”

“ఆమె అబద్ధం చెప్పిందా సార్?”

“గది నన్నడుగకు. పుకార్లు లేపుతున్నవని కేసు రాయుమన్నరు. నీకు టీచర్ నౌకరీ వచ్చిందట గద. వెరిఫికేషన్ కాయితం నా దగ్గరికే వస్తది.”

ఆ మాట విని నవత తండ్రి బాలమల్లు లోపలి నుంచి వచ్చాడు. ఎస్సైకి దండం పెట్టి, కూతురి వైపు తిరిగాడు.

“తీసెయ్ బిడ్డా.”

“బాపూ, గిదొక్కటే ఉన్నది.”

“ఎరుకే. తీసెయ్.”

“నువ్వేనా గీ మాట అనేది?”

బాలమల్లు దగ్గరికి జరిగాడు. ఆమె చేతుల్లోంచి ఫోన్‌ను మెల్లగా విడిపించుకున్నాడు. నవత గట్టిగానే పట్టుకుంది గానీ, తండ్రి కళ్లలోకి చూశాక వదిలేసింది.

“సారూ, ఒక్కసారి గా మాటలు ఇంట,” అన్నాడు బాలమల్లు.

“ఇంక ఏం ఇంటవు? అందరు ఇన్నదే గద.”

“ఒక్కసారే సారూ.”

ఎస్సై జీపు వైపు చూసి, సరేనన్నట్టు తలూపాడు.

బాలమల్లు బొమ్మ చూడలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. వాకిట్లో ఉన్న అందరికీ ఆ గొంతు సన్నగా వినిపించింది. “పొద్దుగాల ఊడిస్తే మాపటికి మల్ల నల్లగైతది ఇల్లు. గా దుమ్మే మా కడుపులకు పోతున్నది...” తర్వాత దగ్గు. ఎంతకూ ఆగని దగ్గు. ఆఖరున, వీడియో తీస్తున్న పిల్లతో కాబోలు, “చాలు, ఇగ బంద్ చెయ్యి. అన్నం మాడుతది” అని చిన్నగా నవ్వు.

ఆ నవ్వు అయిపోయాక కూడా బాలమల్లు కాసేపు ఫోన్‌ను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత ఎక్కడ నొక్కాలని కూతురిని అడిగాడు. నవత మొహం తిప్పుకుంది. వెంట వచ్చిన కానిస్టేబుల్ చూపించాడు.

“గీడ నొక్కు. మల్ల గీడ గూడ. లేకుంటే ట్రాష్‌ల ఉంటది.”

బాలమల్లు నొక్కాడు. వేలు పక్కన పడితే, మళ్లీ నొక్కాడు.

ఓంప్రకాశ్ ఫోన్ తీసుకుని అంతా వెతికి, తిరిగి ఇచ్చాడు. అతని గొంతు మెత్తబడింది.

“మంచి పని చేసినవు పెద్దాయనా. బిడ్డ బతుకు నిలవెట్టినవు. ఇగ ఒక్కటే పని. గా ఆడమనిషి ఇల్లు యాడనో చూపియ్యి. రేపు మీటింగుల నోరు తెరువొద్దని ఆమెకు గూడ చెప్పి పోతం.”

నవత గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. బాలమల్లు భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“గిదే ఇల్లు సారూ. ఆమె నా భార్య. మొన్ననే దినాలు చేసినం.”