ఎంత మెల్లంగా పోతాది?

“పాప పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. ముందు అది చూడండి అణ్ణా, రంగు సంగతి తరవాత,” అన్నాడు చెల్లదురై.

విరుదునగర్ బజారులో అతనిది పిల్లల ఎలక్ట్రిక్ బండ్ల కొట్టు. పక్కవీధి గోదాముల నుంచి మిరపకాయల ఘాటు లోపలిదాకా వస్తోంది. కోవిల్‌పట్టి నుంచి భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని బస్సులో వచ్చిన ముత్తురాజ్ అప్పటికే నాలుగుసార్లు తుమ్మాడు. అయినా అతని చూపు ఎత్తైన నీలంబండి మీదే ఉంది. దాని హ్యాండిల్ అతనే పట్టుకున్నాడు. పైన కూర్చున్న ఏడేళ్ల సంగవి కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి.

“ఇదే ఇచ్చేయండి. ఏడాదిలో ఎదిగిపోతుంది,” అన్నాడు ముత్తురాజ్ తమిళంలో.

“ఎదిగేలోపల బిడ్డ కాలిరుగుతాది,” అంది జోతిలక్ష్మి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో. “మీ మోకాలు పోయింది చాల్లేదా?”

ముత్తురాజ్ ఒక చేత్తో మోకాలు తడుముకున్నాడు.

రాళ్లమీదా దుంగలమీదా కాలు కింద పెట్టకుండా బండి ఎక్కించి దించే ట్రయల్స్ పోటీలంటే అతనికి పెళ్లికి ముందునుంచీ పిచ్చి. మూడేళ్ల కిందట ఒక పోటీలో బండ మీదినుంచి జారి బండితో సహా పడ్డాడు. మోకాట్లో ప్లేటు వేశారు. ఇక పోటీ బండి ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రోజునుంచి మనిషి మారిపోయాడు. మెకానిక్ షెడ్డుకు వెళ్లడం, రావడం, ఒక మూల కూర్చుని ఫోనులో ఎవరెవరివో పోటీలు చూడడం. పలకరిస్తే ఊ అనేవాడు, అంతే.

నెలకిందట సంగవే ఆ ఫోను పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి వచ్చింది. “నాకు ఇట్లాంటి బండి కావాలమా.” జోతిలక్ష్మి కుదరదంది. బొమ్మలు చూపించింది, సైకిలు కొనిస్తానంది. పిల్ల పది రోజులు ఏడ్చింది, రెండు పూటలు అన్నం మానేసింది. చివరికి తల్లే మెత్తబడింది.

“నాయనా, నన్ను దించు,” అంది సంగవి.

దిగి, కొట్టంతా ఒక చుట్టు చుట్టి, గోడపక్కన ఉన్న అన్నిటికంటే చిన్న ఎర్రబండి దగ్గర ఆగింది. ఎక్కి కూర్చుంది. పాదాలు రెండూ నేలకు బల్లపరుపుగా ఆనాయి.

“అది మరీ చిన్న పిలకాయలది తల్లీ!” అన్నాడు ముత్తురాజ్.

“ఇది ఎంత మెల్లంగా పోతాది నాయనా? అడుగు.”

ముత్తురాజ్ అడిగాడు. చెల్లదురై ఆశ్చర్యంగా చూశాడు.

“ఇన్నేళ్లలో ఈ కొట్టుకొచ్చిన ప్రతి పిల్లా ఎంత స్పీడు పోతుందనే అడిగింది అణ్ణా. ఎంత మెల్లగా పోతుందని అడిగింది మీ పాపే. ట్రయల్స్‌లో అసలు విద్య అదే కదా! ఇదిగో, ఈ మీట ఒకటో నంబరులో పెడితే మనిషి నడకే. ఎంత తిప్పినా అంతకు మించదు.”

ముత్తురాజ్ మెడ కొంచెం నిటారుగా లేచింది.

“బేటరి తీసేస్తే?” అంది సంగవి.

“కాళ్లతో నెట్టుకుంటూ పోవచ్చు. మొదటి నెల అలాగే నేర్పమంటాను నేను. చెప్పినా ఎవరూ వినరు!”

“ఆపేది యాడ?”

చెల్లదురై బ్రేకు చూపించాడు. సంగవి వేళ్లు చాపి పట్టుకుంది. అందింది. వదిలి మళ్లీ పట్టుకుంది. అలా పదిసార్లు చేసింది.

“అణ్ణా,” అన్నాడు చెల్లదురై, “మీకంటే మీ పాపకే బాగా తెలుసు. బరువు తక్కువ, ఎత్తు తక్కువ, బ్రేకు చేతికందుతుంది. మొదటి బండి ఇలాగే ఉండాలి. పుట్టుకతోనే రైడరండీ!”

“నా బిడ్డ గదా!” అన్నాడు ముత్తురాజ్. తమిళంలో అనబోయి తెలుగులోనే అనేశాడు.

హెల్మెట్టూ, చేతులకూ మోకాళ్లకూ కవచాలూ జోతిలక్ష్మి దగ్గరుండి ఏరింది.

మరునాడు సాయంత్రం ఊరి బయట నల్లరేగడి బీట్లో ముత్తురాజ్ పాత టైర్లు పరిచి, వాటిమీద ఒక చెక్కపలక వేశాడు. సంగవి ఎక్కింది. పళ్లు బిగబట్టి, చూపు ముందు చక్రం మీదినుంచి తిప్పకుండా, చీమ నడకన కదిలింది. పక్కన ముత్తురాజ్ కుంటుతూ నడిచాడు.

“అట్లనే! మెల్లంగా! భలే తల్లీ, భలే!”

మొదటిసారి పలక మధ్యలో కాలు పెట్టేసింది. రెండోసారి పక్కకు ఒరిగి మట్టిలో పడింది. జోతిలక్ష్మి అరుస్తూ పరుగెత్తుకొచ్చే లోపలే లేచి నిలబడి, “ఇంకొకసారి,” అంది. మూడోసారి పలక దాటింది.

ముత్తురాజ్ పిల్లను బండితో సహా ఎత్తబోయాడు, మోకాలు సహకరించక మట్టిలో చతికిలబడ్డాడు. అలా కూర్చునే పగలబడి నవ్వాడు. దారినపోయే మేకలవాళ్లు ఆగి చూశారు.

ఇంటికొచ్చాక జోతిలక్ష్మి పంపు దగ్గర కూతురి కాళ్లకంటిన నల్లమట్టి కడుగుతోంది. వసారాలో ముత్తురాజ్ ఎవరికో ఫోనులో పలక దాటిన కథ చెబుతున్నాడు. మాటకు ముందే నవ్వు వినిపిస్తోంది.

“నువ్వు అంతగా ఏడిస్తివని ఒప్పుకొంటిని గాని, ఆ బండిని ఇంట్లోకి రానిచ్చేదాన్నా నేను?” అంది జోతిలక్ష్మి. ఒక క్షణం వసారా వైపు చెవి పెట్టింది. “మీ నాయన ఇట్ల నవ్వి మూడేండ్లాయ.”

“అవునుమా.”

“రేపు గూడా ఎక్కుతావా?”

“ఎక్కుతా. దినమూ ఎక్కుతా.”

సంగవి వసారా వైపు ఒకసారి చూసి, తల్లి చెవి దగ్గరికి నోరు తెచ్చింది.

“బండంటే నాకు బయమ్మా, నాయనకు చెప్పొద్దు.”