గోడ అవతలి దెబ్బ

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బాయిలర్లు బాగుచేసే కైలాసానికి, సూర్యాపేట హోటల్లో ఎంగిలి గిన్నెలు కడిగే చోటు చూడగానే ఒళ్లు మండింది. గోడకు అటు పొయ్యి మీద వేన్నీళ్ల డ్రమ్ము, ఇటు కడిగే తొట్టి, మధ్యన ఒక పైపు. దాని నిండా సున్నం పేరుకుంది.

"గీ డబ్బాను బాగుచేసేతందుకు నేను రావాల్నా?" అని తుపుక్కున ఉమ్మాడు.

పొయ్యి ఆర్పించాడు. డ్రమ్ము ఖాళీ చేయించి, పైపులోకి నీళ్లు వదిలే వాల్వు ఊడదీసి సంచిలో వేసుకున్నాడు. పైపులో సున్నం గీకేసరికి చీకటి పడింది. పొయ్యి చూసే గౌరయ్య ఇంటికి వెళ్లిపోయాడు.

పైపు శుభ్రమైందో లేదో చప్పుడు చెబుతుందని కైలాసం స్పానరెత్తాడు.

"రెండు దెబ్బలు కొట్టకు సారూ," అంది గిన్నెలు కడిగే చంద్రమ్మ. "గట్ల కొడితే నీళ్లు ఇడువుమని గౌరయ్యకు సైగ. గాడ ఇప్పుడు ఎవ్వరు లేరు."

"లేకుంటే భయమెందుకే? మీ తెలివి గింతే," అంటూ కావాలనే రెండుసార్లు కొట్టాడు.

పైపులోంచి నీళ్లొచ్చాయి. పొగలు కక్కుతున్నాయి.

"పైపుల మిగిలిన నీళ్లే," అని నవ్వాడు కైలాసం.

తొట్టి నిండింది. నీళ్లు ఆగలేదు. అతని చెయ్యి మెల్లగా సంచిలోకి పోయింది. వాల్వు అందులోనే ఉంది, చల్లగా.

అంతలో గోడ అవతలి నుంచి టంగుమని ఒక్క దెబ్బ వినిపించింది.

చంద్రమ్మ తలుపు వైపు జరిగింది.

"నీళ్లు సాలునా అని అడుగుతున్నరు సారూ. కొట్టింది నువ్వే గద, జవాబు గూడ నువ్వే ఇయ్యి."