కళ్ళు మూసుకుని ఇరవై దాకా

అత్తగారి వజ్రపుటుంగరం కాజేయడానికి అల్లుడికి కావలసినవి పది నిమిషాల సమయం, ఇరవై రెండు మూసిన కళ్ళు.

కళ్ళు మూయించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఉద్యోగుల చేత, సామానేదీ అక్కర్లేని ఆటలు ఆడించి, సాయంత్రానికల్లా వాళ్ళని ‘ఒకే కుటుంబం’ చేసి పంపడం అతని ఉద్యోగం. మర్నాడు పొద్దున్నే వాళ్ళు మళ్ళీ పామూ ముంగిసా అయిపోయేవారు. అది అతని పూచీ కాదు.

ఆ రోజు అత్తగారికి డెబ్భై నిండాయి. భోజనాలయ్యాక ఉంగరం కోడలికి ఇస్తానని ఆవిడ ముందే చెప్పింది. కోడలు పొద్దుటి నుంచీ ఉంగరం తొడుక్కోబోయే వేలికి ఏ పనీ తగలనివ్వడం లేదు. ఉంగరం తన చేతికొస్తే, పరాయి కంపెనీకి ఆటలాడించడం మానేసి సొంత కంపెనీ పెట్టుకోవచ్చని అల్లుడు ఆర్నెల్లుగా కలలు కంటున్నాడు. కోడలి వేలికెక్కితే ఆ కల అక్కడితో సరి.

ఆట కూడా ఆలోచించే ఎంచుకున్నాడు. అందరూ గుండ్రంగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాలి. ఎవరు ఏ అంకె చెప్పాలో ముందుగా అనుకోకూడదు. ఒకే అంకె ఇద్దరి నోట ఒక్కసారి వచ్చిందా, మళ్ళీ మొదటికి. పక్కవాడి మాట వినడం నేర్పే ఆట. “మా వాళ్ళు ఇది ఆడితే జన్మలో మూడు దాటరు,” అని పోయిన నెల భార్య నవ్వింది. అక్కడే అతని బుర్రలో దీపం వెలిగింది. భార్యలు అప్పుడప్పుడు తమకు తెలియకుండానే పనికొస్తారనుకున్నాడు.

హాల్లో పదకొండు కుర్చీలు వేయించాడు. తాను ఆటలో లేడట. దొంగచూపులు చూసేవాళ్ళని పట్టుకోవడానికి వెనకాల తిరుగుతూ ఉంటాడట. తాను చెప్పేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదట.

బావమరిదికి ఆట అర్థం కాలేదు. తనకు అర్థం కానిది ఎవరికీ అర్థం కాదని అతని నమ్మకం.

“ఏవండీ, ముందు ఒక్కసారి మీరూ కూర్చుని, కళ్ళు మూసుకుని చూపించండి,” అంది భార్య, అత్తగారి పడకగది గుమ్మం పక్క కుర్చీలోంచి. “అన్నయ్యకి అప్పుడు తెలుస్తుంది.”

అల్లుడు ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎంతైనా వృత్తి తెలిసినవాడు, కళ్ళు మనస్ఫూర్తిగా మూశాడు. గాఢంగా ఊపిరి పీల్చాడు. లెక్క రెండు దగ్గర కూలింది. మూడు దగ్గర కూలింది. ‘ఒకటి’ ఇంటి పెద్దకొడుకు హక్కన్నట్టు బావమరిది నాలుగుసార్లూ తనే అన్నాడు. కోడలు అతన్ని కసురుకుంది, అత్తగారు ఇద్దరినీ కసురుకుంది. భార్య గొంతు మాత్రం ఒక్కసారీ వినిపించలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ గొంతు వినకుండా బతకడం అలవాటైనవాడికి అదేం లోటుగా తోచలేదు.

కళ్ళు తెరిచి చూశాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ, గట్టిగా కళ్ళు మూసుకుని ఉన్నారు.

“ఇక అసలు ఆట,” అన్నాడు.

మునివేళ్ళ మీద గదిలోకి వెళ్ళాడు. తలగడ కింద తాళం, బీరువాలో రెండో అర, మడత బట్టల కింద నీలం డబ్బీ. మూత తీస్తే టక్కుమంటుందని తీయలేదు. అయినా మనుషుల్నే చదివేసేవాడికి డబ్బీ తెరిచి చూడాల్సిన ఖర్మేమిటి? జేబులో వేసుకుని, బీరువాకు తాళం వేసి, హాల్లోకి వచ్చాడు.

లెక్క పన్నెండు దగ్గరుంది.

పదమూడు. కాస్త ఆగి, పద్నాలుగు. పోట్లాడి పోట్లాడి అలిసిపోయారు కాబోలు, పక్కవాడు చెబుతాడేమోనని ఒక్కొక్కరూ ఆగుతున్నారు. పదేళ్ళుగా అతను జీతం కోసం చెబుతున్న అబద్ధం కళ్ళముందే నిజమవుతోంది. ఒక్క క్షణం అతను వచ్చిన పనే మరిచిపోయాడు. జేబు తడుముకున్నాక గుర్తొచ్చింది.

ఇరవై.

అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. “మీ నాన్న పోయాక ఈ ఇంట్లో ఒకరు మాట్లాడితే తతిమ్మావాళ్ళు ఊరుకోవడం ఇదే మొదలు. ఉంగరం అల్లుడుగారికే ఇస్తున్నాను. తాళం నా తలగడ కింద ఉంది బాబూ, మీ చేత్తోనే తెచ్చుకోండి.”

కోడలు వేలు ముడుచుకుంది. అల్లుడు గదిలోకి వెళ్ళి, బీరువా తీసినంతసేపు, మళ్ళీ వేసినంతసేపు నిలబడి, జేబులోంచి డబ్బీ తీశాడు. దొంగిలించిన సొమ్ము పది నిమిషాల్లో సొంతమైపోవడం ఎంతమందికి రాసిపెట్టి ఉంటుంది?

అత్తగారు మూత తీసింది. లోపల మఖమలు గుడ్డ ఉంది, అంతే.

“ఆటకి ముందే నేను చూసి పెట్టాను,” అందావిడ మెల్లగా.

“మేమందరం కళ్ళు మూసుకునే ఉన్నాం బావగారూ. మీరే మూయించారు,” అన్నాడు బావమరిది. తలలన్నీ ఒక్కసారే ఊగాయి. అంత ఐకమత్యం ఏ ఆఫీసులోనూ అతను చూడలేదు.

ఉంగరం తాను తియ్యలేదన్నాడు. ఆ రోజు అతని నోట వచ్చిన మొదటి నిజం అది. ఎవరూ నమ్మలేదు. జేబులు వెతికారు, ఏమీ దొరకలేదు. ఎంత బాగా దాచాడోనని దానికీ తిట్టారు. ఇక గుమ్మం తొక్కవద్దని అత్తగారు తలుపు చూపించింది. అయ్యో, ఆ అమ్మాయి ముఖం చూడండని అందరూ భార్య మీద జాలిపడ్డారు.

వీధి మలుపు తిరిగాక భార్య, ఎన్నేళ్ళకో, అతని చెయ్యి పట్టుకుంది. ఆమె వేలికి అరచేతి వైపు తిప్పి పెట్టుకున్న ఉంగరపు రాయి అతనికి చల్లగా గుచ్చుకుంది.

“కళ్ళు మూసుకోమంటే మీరు నిజంగానే మూసుకుంటారండీ,” అంది.