సర్వర్ గది కింద

కళ్యాణదుర్గం ఆఫీసు సర్వర్లో రైతుల పంట బీమా ఫైళ్లు మూడోసారి చెడిపోయాయి. డిస్కు మాత్రం బాగానే ఉందని చెకింగ్‌లో వచ్చింది. రాత్రి తొమ్మిదైంది. రిపేరుకొచ్చిన సురేంద్ర తన అలవాటు ప్రకారం స్క్రూడ్రైవర్ మొన డిస్కుకు ఆనించి, దాని పిడికి చెవి పెట్టాడు. లోపల టక్, టక్.

సర్వర్ ఆపి, డిస్కు ఊడదీసి విన్నాడు. చప్పుడు ఆగలేదు. స్క్రూడ్రైవర్‌ను బల్లకు ఆనించాడు, ఆ తర్వాత నేలకు. కిందికి పోయేకొద్దీ స్పష్టంగా వినిపించింది.

"ఈ గది కింద ఏముండాది, తిప్పన్నా?"

"ఎండిపోయిన బోరప్పా. పైన బండలు పరిచి పదేండ్లాయె," అన్నాడు వాచ్‌మన్.

సురేంద్ర ఆలోచనలో పడి, పిడితో నేలమీద మూడుసార్లు కొట్టాడు. చప్పుడు ఆగింది. కాసేపటికి కిందనుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

తిప్పన్న మెల్లగా గడప దాటి బయట నిలబడ్డాడు.

"పదేండ్లనుంచి వింటాండాం గానీ, మేమెవరమూ దాన్ని పలకరించలేదప్పా."